దర్శనం టికెట్‌ను బట్టే మా గదుల బుకింగ్

తిరుపతిలో కపిలతీర్థం రోడ్డు వెనక సందులో మాకు ఆరు గదుల లాడ్జీ ఉంది. నాన్న నడిపినప్పుడు బోర్డు చూసి వచ్చేవాళ్లే గిరాకీ. ఇప్పుడు సగానికి పైగా బుకింగ్ యాప్‌ల నుంచే. గదికి వెయ్యి రూపాయలనుకోండి. నా ఒప్పందంలో కమీషన్ 18 శాతం, ఆ కమీషన్ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, పైన 0.1 శాతం టీడీఎస్, అంటే ముందే కోసుకునే ఆదాయపన్ను. అన్నీ పోగా 786 చిల్లర నా ఖాతాలో పడుతుంది. గది మీది 5 శాతం జీఎస్టీ యాప్ వాళ్లే వసూలు చేసి కట్టేస్తారు. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం, రిజిస్ట్రేషన్ లేని నాలాంటివాళ్లకు అదొక్కటే సుఖం.

కమీషన్‌నైనా తట్టుకోవచ్చు. నా నడుం విరిచింది ఉచిత క్యాన్సిలేషన్. శనివారానికి ఆరు గదులూ నిండినట్టు కనబడేది. శుక్రవారం సాయంత్రానికి మూడు ఖాళీ. ఫోన్ చేసి అడిగితే అందరిదీ ఒకటే మాట: "దర్శనం టికెట్ దొరకలేదండీ."

అప్పుడే వెలిగింది. ఈ ఊళ్లో గది తర్వాత, దర్శనం ముందు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటాను టీటీడీ నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతుంది. ఆ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదు, కాబట్టి అది చేతిలో ఉన్నవాడు వచ్చి తీరతాడు. టికెట్ లేనివాళ్లు విష్ణునివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్‌లలో ఇచ్చే ఉచిత టోకెన్ల మీద ఆశతో బయల్దేరతారు. వాళ్ల ప్రయాణం చివరి నిమిషం దాకా ఊగుతూనే ఉంటుంది.

అందుకని ఒక నెల దర్శనం కోటా వదిలేదాకా ఆ నెల తేదీలను యాప్‌లో మూసి ఉంచడం మొదలుపెట్టాను. వదిలాక నాలుగు గదులు తెరుస్తా, రద్దు చేస్తే డబ్బు రాదన్న షరతుతో, ధర కొంచెం తగ్గించి. ఉచిత క్యాన్సిలేషన్‌ను చివరి వారంలో మిగిలిన గదులకే ఉంచాను. బుకింగ్‌లు తగ్గుతాయని తమ్ముడు గొణిగాడు. తగ్గాయి కూడా. కానీ వచ్చిన బుకింగ్ వచ్చినట్టు నిలబడుతోంది.

ఇంకో తలనొప్పి తెల్లవారుజాము. యాప్‌లో చెక్-ఇన్ మధ్యాహ్నం 12కి. నారాయణాద్రి రైల్లో హైదరాబాద్ నుంచి దిగినవాళ్లు ఇంకా పూర్తిగా తెల్లారకముందే బ్యాగులతో గుమ్మంలో ఉంటారు. రాత్రి రెండింటికి వచ్చేవాళ్లు, ఆ రాత్రి ముందు రోజు బుకింగ్ కిందికే వస్తుందని గమనించకుండా మర్నాటి తేదీకి బుక్ చేస్తారు. మా కుర్రాడు "అన్నా, ఈయన బుకింగ్ రేపటికుంది" అంటూ నన్ను నిద్ర లేపేవాడు. ఇప్పుడు బుకింగ్ పడగానే "ఏ బండికి, ఎన్ని గంటలకు దిగుతారు సార్?" అని వాట్సాప్‌లో అడుగుతున్నాం. ముందుగా వచ్చేవాళ్లకు స్నానానికి ఒక గది, 200 రూపాయలు. దీని మీద ఎవరూ గొడవపడలేదు.

మిగిలిన రెండు గదులు ఫోన్‌కే. సగం అడ్వాన్సు యూపీఐలో. ఇవి యాప్‌లలో ఉండవు కాబట్టి ఒకే గది రెండు యాప్‌లలో అమ్ముడుపోయే బాధ వీటికి లేదు. యాప్‌ల క్యాలెండర్లను ఐకాల్ అనే లింకుతో కలిపినా ఒకచోట పడిన బుకింగ్ రెండోచోట కనబడేసరికి చాలాసేపు పడుతుంది. ఫోన్ ధర యాప్ ధర కంటే తక్కువ ఉండొచ్చా అని తోటి లాడ్జీవాళ్లు అడుగుతుంటారు. ఒప్పందం చదువుకోండి అంటాను. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ మేక్‌మైట్రిప్-గోఇబిబోకు 223.48 కోట్ల జరిమానా వేసి, యాప్‌లోనూ బయటా ధర సమానంగా ఉండాలన్న షరతు తీసెయ్యమంది. నా ఒప్పందంలో అసలు ఆ షరతే లేదు.

బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ మాత్రం యాప్‌లో ఒక్క గదీ పెట్టను. గరుడసేవకు పాత చెన్నై కుటుంబాలే నెల ముందు ఫోన్ చేసి నింపేస్తాయి.