మేమిద్దరం ఒప్పుకోని వాక్యాలు

ఎం.ఏ. సోషియాలజీ రెండో సెమిస్టర్‌లో ఉండగా రీసెర్చ్ సెంటర్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. విద్యార్థి సహాయకులు కావాలి, ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫర్వాలేదు అని ఉంది. ఆ రెండో మాట లేకపోతే నేను లోపలికి వెళ్లేదాన్నే కాదు.

అక్కడ చేసేది కంప్యుటేషనల్ సోషల్ సైన్స్, అంటే కంప్యూటర్ల సాయంతో సమాజాన్ని అధ్యయనం చేయడం. ఆ పేరే అప్పటికి నాకు కొత్త. మొదటి వారం సెంటర్‌లోని మేడమ్ నన్ను కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. గళ్ల కాగితం, రెండు రకాల నాణేలు ఇచ్చారు. ఒకే రకం మనుషులు ఒకచోట చేరి, ఊళ్లో ఇళ్లు ఎలా వేరుపడతాయో చూపడానికి ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1971లో ప్రచురించిన నమూనా అది. చుట్టుపక్కల మూడో వంతు తనలాంటివాళ్లుంటే చాలు, ఏ నాణెమూ కదలక్కర్లేదు; లేకపోతే ఖాళీ గడికి జరగాలి. అంత చిన్న కోరికకే నాణేలు జరిగి జరిగి గుంపులుగా విడిపోయాయి. తర్వాత అదే నెట్‌లోగో అనే సాఫ్ట్‌వేర్‌లో చూశాను. క్లాసులో చదివి పరీక్షల్లో రాసిన సంగతి నా చేతుల కిందే జరిగింది!

అసలు పని మాత్రం లేబులింగ్. ప్రజలు రాసిన ఫిర్యాదులు చదివి, ఇది కోపమా, వేడుకోలా, ఊరికే సమాచారమా అని గుర్తించాలి. ఆ గుర్తులను చూసి కంప్యూటర్ మోడల్ తానూ అలా గుర్తించడం నేర్చుకుంటుంది. కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చిన మిత్రుడూ నేనూ అవే ఫిర్యాదులను విడివిడిగా చదివాం. తర్వాత కోహెన్ కప్పా లెక్కగట్టాం. ఇద్దరికీ కాకతాళీయంగా కుదిరే పాళ్లు తీసేశాక నిజంగా ఎంత కుదిరిందో చెప్పే కొలత అది. పూర్తిగా కుదిరితే 1. మాకు 0.5 కూడా రాలేదు. పని పోతుందేమోనని చాలా టెన్షన్ పడ్డాను.

మేడమ్ కోప్పడలేదు. "కుదరనివన్నీ తీసి, ఒక్కొక్కటీ మాట్లాడుకోండి" అన్నారు.

"ఇంకెన్నిసార్లు చెప్పుకోవాలండీ" అన్న ఒక్క వాక్యం దగ్గర మధ్యాహ్నమంతా గడిచింది. అతనికి అందులో కోపం వినిపించింది, నాకు అలసిపోయిన మనిషి వేడుకోలు. ఆ 'అండీ'ని ఎలా వింటామన్నదే తేడా. ఏ సాఫ్ట్‌వేరూ మా బదులు అది తేల్చదని నాకు అప్పుడే అర్థమైంది. రెండూ కలిసినవాటికి మరో గుర్తు పెట్టి, నియమాలు తిరగరాసి, మళ్లీ మొదటి నుంచి చదివాం. కోడ్ రాయడం ఆ తర్వాతి నెలల్లో అతనే నేర్పాడు. మనుషుల మాటలను అనుమానంగా చదవడం అతను నా దగ్గర నేర్చుకున్నానంటాడు.

జూనియర్లూ, 2017లో మొదలైన సమ్మర్ ఇన్‌స్టిట్యూట్స్ ఇన్ కంప్యుటేషనల్ సోషల్ సైన్స్ పాఠాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, తప్పకుండా చూడండి. సెంటర్‌లో అడిగేటప్పుడు మాత్రం మొదట లేబులింగ్ పనే అడగండి. మీతో ఒప్పుకోని మనిషిని జతగా ఇమ్మనండి.