థైరాయిడ్ క్యాన్సరే కదా, ఏం కాదులే అన్నారు

మాది కడప. నాయనకు గొంతు దగ్గర గడ్డ ఎప్పట్నుంచో ఉండేది, నొప్పీ లేదు ఏమీ లేదు, పోయినేడాది సంక్రాంతి అయినాక ఉన్నట్టుండి పెరగడం మొదలైంది, ఎంత స్పీడుగా అంటే చొక్కా పై గుండీ పెట్టనిదే బయటికి పోని మనిషికి నెల తిరక్కుండానే ఆ గుండీ పట్టలేదు. గొంతు బొంగురు పోయింది, సంగటి ముద్ద దిగట్లేదన్నాడు.

బయాప్సీలో క్యాన్సర్ అని తేలినాక ఫోన్ చేసినోళ్లందరిదీ ఒకటే మాట, థైరాయిడే కదా, అయోడిన్ మందు ఇస్తే పోతాది, మా చిన్నమ్మ కోడలికి తగ్గలేదా అని. వాళ్లనేం అనలేం, ఎక్కువ మందికి వచ్చే పాపిల్లరీ రకం అట్లాంటిదే, ఊపిరితిత్తులకో ఎముకలకో పాకినా కూడా అమెరికా లెక్కల్లో నూటికి 70 మందికి పైనే ఐదేళ్లు దాటుతున్నారు. మా రిపోర్టులో ఉన్నది అనాప్లాస్టిక్. థైరాయిడ్ క్యాన్సర్లలో నూటికి ఒకటో రెండో ఉంటాయంట, కనుక్కున్న రోజే స్టేజ్ 4 అని రాస్తారు, దీనికి అంతకంటే కింద స్టేజే లేదు. ఈ కణాలు అయోడిన్‌ను పీల్చుకోవు కాబట్టి ఆ మందు ఇచ్చినా దండగే.

కారు మాట్లాడుకుని రాయచోటి మీద వేలూరు పోయినాం. గువ్వలచెరువు ఘాట్ దగ్గర నాయన బండి ఆపించి పాలకోవా కొనిపించుకున్నాడు, మింగలేడు, చిన్న ముక్క నోట్లో పెట్టుకుని కరిగేదాకా ఉంచుకున్నాడు, మిగతాది డ్రైవర్‌కిచ్చినాడు.

నాయనను బయట కూర్చోబెట్టి ఎన్నాళ్లు సార్ అని డాక్టర్‌ను నేనే అడిగినా. సగం మంది ఐదారు నెలలు దాటరు, ఏడాది దాటేది ఐదుగురిలో ఒకరు, మీ నాయనకు ఊపిరితిత్తుల్లో ఉంది కాబట్టి ఇంకా తక్కువ అనుకోండి అన్నాడు. అట్లా నేరుగా చెప్పడమే మాకు మేలైంది, అమ్మకు, తమ్మునికి ఏం చెప్పాల్నో తెలిసింది.

ఇంకోటి ముఖ్యం, బ్రాఫ్ టెస్టు. బయాప్సీ ముక్కలో బ్రాఫ్ అనే జన్యువులో వీ600ఈ అనే మార్పు ఉంటే డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అని రెండు మందులు కలిపి వాడతారు, 2018లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది, ఆ మార్పు ఉన్నోళ్లలో కొందరు పై లెక్కలకు మించి బతుకుతున్నారు. ఈ జబ్బులో వారం వారం తేడా ఉంటాది, అందుకే బయాప్సీ ఇచ్చే రోజే దానికీ పంపమని అడగండి. మాకు నెగటివ్ వచ్చింది.

గడ్డ గాలిగొట్టాన్ని చుట్టేసింది, ఆపరేషన్ కుదరదన్నారు. రేడియేషన్‌తో కొంచెం తగ్గి గంజి, పెరుగన్నం దిగినాయి. ఊపిరాడకపోతే గొంతుకు రంధ్రం పెట్టాల్నా వద్దా అనేది మనిషి తెలివిలో ఉన్నప్పుడే మాట్లాడుకోమన్నారు, నాయన వద్దని తనే చెప్పినాడు. వానాకాలం దాకా ఉన్నాడు.

నొప్పికి మార్ఫిన్ మాత్రలు మామూలు మెడికల్ షాపులో దొరకవు, 2014లో మత్తుమందుల చట్టం మార్చినా గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లోనే ఇస్తారు, రేడియేషన్ మొదలైనప్పుడే పాలియేటివ్ డాక్టర్‌ను, అంటే నొప్పీ బాధా తగ్గించే డాక్టర్‌ను కలిసి మాట్లాడుకోండి. వాటితో పాటు మోషన్ సాఫీగా అయ్యే మందు కూడా అడిగి తెచ్చుకోండి, మార్ఫిన్‌తో మలబద్ధకం ఖాయం, మా నాయన నొప్పి కంటే దాంతోనే ఎక్కువ అవస్థ పడినాడు.