గాంధీ గారి కర్ర, నానమ్మ రామ్‌నగర్

మన బడి సావనీరు కమిటీ వాళ్లు ఫోన్ చేసి "మన మాస్టార్ల గురించి నాలుగు మాటలు రాయండి" అన్నారు. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు మా బ్యాచ్‌లోనే అరడజను మంది ఉన్నారు. లెక్కల మాస్టారి బెత్తం, డ్రిల్లు మాస్టారి విజిలు వాళ్లకే వదిలేస్తున్నాను. నేను రాసేది బడి గంట కొట్టాక మనలో కొందరం పోయే చోటు గురించి. వేటపాలెంలో చదువుకున్నవాళ్లకి అదెక్కడో చెప్పక్కర్లేదు.

ఆ చోటు మన గ్రంథాలయం, సారస్వత నికేతనం. అది 1918లో మొదలైంది. అంతకు నాలుగేళ్ల ముందే, 1914లో, బెజవాడలో గ్రంథాలయాల వాళ్లంతా సభ పెట్టుకున్నారు. గ్రంథాలయాలు పెట్టించడానికి అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరుగుతున్న రోజులవి. ఆ గాలి మన ఊరిదాకా వచ్చింది. వి.వి. శ్రేష్ఠి గారు పూనుకుని గ్రంథాలయం పెట్టారు. 1929లో భవనానికి గాంధీ గారే వచ్చి శంకుస్థాపన చేశారు. ఆ రోజు జనం తోపులాటలో ఆయన చేతికర్ర విరిగిపోయింది. ఆ కర్రను ఇప్పటికీ భద్రంగా దాచారు. చుట్టాలొస్తే తీసుకెళ్లి చూపించేది దాన్నే. నేనూ చాలామందికి చూపించాను. కానీ నన్నడిగితే అక్కడ అసలు సంపద ఆ కర్ర కాదు, పాత పత్రికల బైండ్లు.

వాటి జోలికి పోవడం మాత్రం అంత తేలిక కాదు. ముందు చేతులు చూపించాలి. మా బ్యాచ్‌లో సగం మంది చేతులు చూపించేలా ఉండేవి కాదు. మాది మగ్గం ఇల్లు. పొద్దున్నే అమ్మకు కండెలు (మగ్గానికి నూలు చుట్టే గొట్టాలు) చుట్టి బడికి వస్తే గోళ్ల సందుల్లో రంగు అలాగే ఉండేది. నా పక్కన కూర్చునే వాడి వాళ్లమ్మ జీడిగింజలు కొట్టేది. కాల్చిన గింజను నిలబెట్టి చిన్న కొయ్యతో ఒక్క దెబ్బ, పప్పు బద్దలవకుండా పెంకు విడిపోవాలి. చేతికి బూడిద రాసుకున్నా జీడి అంటకుండా ఉండదు. సెలవుల్లో వీడూ కూర్చునేవాడు కాబట్టి వేళ్ల చివర్లు నల్లగా, పొట్టు లేచి ఉండేవి. రైల్లో పొట్లం కొనుక్కుని "వేటపాలెం జీడిపప్పు అంటే ఇదీ!" అనేవాళ్లకి ఆ వేళ్లు కనబడవు కదా. లైబ్రరీలో ఒక పెద్దాయన వాడి చేతులు చూసి, "కడుక్కున్నా పోదులేరా, నువ్వు పక్కన కూర్చో, పేజీలు వాడు తిప్పుతాడు" అన్నారు. అలా నేను తిప్పేవాణ్ణి, వాడు చదివేవాడు.

ఎనిమిదో తరగతి సోషల్లో చీరాల-పేరాల ఉద్యమం ఒక పేరా ఉంది. నిజంగానే ఒక్క పేరా. చీరాల మనకు పక్కూరు. మధ్యలో జాండ్రపేట స్టేషన్ ఒక్కటే అడ్డం. మాస్టారు పేరా చదివేసి, "మిగతాది లైబ్రరీలో ఉంటుంది, ఓపికున్నవాళ్లు చూసుకోండి" అన్నారు. ఓపిక ఏమో గానీ కుతూహలం ఉంది. వెళ్లి 1921 ఆంధ్రపత్రిక అడిగాం.

కథ మీకు తెలిసిందే. చీరాల, పేరాల రెంటినీ కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్ను ఏడాదికి నాలుగు వేల రూపాయలున్నది నలభై వేలైంది. పేరాలలో ఎక్కువమంది నేతపని వాళ్లు, అంత ఎక్కడ కడతారు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందు నిలబడ్డారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చి రామదండు అనే వాలంటీర్ల దళం కట్టిన మనిషి. 1921 ఏప్రిల్లో గాంధీ గారు చీరాల వచ్చి, శాంతంగా పన్ను కట్టకుండా నిలబడండి, లేదంటే ఊరే ఖాళీ చేసి పొండి అని రెండు దారులు చెప్పారు. జనం రెండోది పట్టుకున్నారు. పదిహేను వేల జనాభాలో పదమూడు వేల పైచిలుకు మంది ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండల్లో వెళ్లి, వానలు, చలి అన్నీ అక్కడే గడిపి దాదాపు పదకొండు నెలలున్నారు. దుగ్గిరాల గారిని జైల్లో పెట్టాక ఉద్యమం నెమ్మదించి, 1922 మొదట్లో జనం ఇళ్లకు తిరిగొచ్చారు.

ఇదంతా ఇంటికెళ్లి గొప్పగా చెబితే నానమ్మ కండె చుడుతూనే, "తెలుసు లేరా, నేనున్నాగా అక్కడ" అంది. నాకు నోట మాట రాలేదు. ఆమె పుట్టిల్లు పేరాల. అప్పటికి పదేళ్లు కూడా లేవట. ఆమెకు గాంధీ గారు గుర్తు లేరు, దుగ్గిరాల గారి పాట కొద్దిగా గుర్తు. బాగా గుర్తున్నది తేళ్లు, మొదటి వానకే కారిన పాక, నీళ్లకు పోయి చెల్లెలితో పోట్లాట. "మరి మగ్గం?" అని అడిగాను. "ఇసకలో గుంట తవ్వితే నిలుస్తుందేంట్రా?" అంది.

ఆ ఒక్క మాటతో నా బుర్ర తిరిగింది. గుంట మగ్గం అంటే ఇంట్లో గట్టి నేల కావాలి, కాళ్లు పెట్టుకునే గుంట నిలవాలి, పడుగు తడవకూడదు. ఒకప్పుడు తేలియా రుమాళ్లు (నూనె పట్టించిన నూలుతో నేసే గుడ్డలు) నేసి అరబ్బు దేశాలకు పంపిన ఊరు అది. మగ్గం ఆడకపోతే ఆ నెలలన్నీ ఏం తిన్నారు? ఎవరు అప్పిచ్చారు, ఎంతకిచ్చారు, ఎన్నేళ్లకు తీరింది? మా నానమ్మ వాళ్ల నాన్న అప్పు ఆవిడ పెళ్లి నాటికీ తీరలేదని మాత్రం చెప్పింది. తర్వాత చాలాసార్లు ఆ బైండ్లు తిరగేశాను. మేం చూసిన పేజీల్లో సభలున్నాయి, అరెస్టులున్నాయి, ఉపన్యాసాలున్నాయి, పక్కనే అమృతాంజనం ప్రకటనలున్నాయి. పత్రికా, అమృతాంజనమూ రెండూ కాశీనాథుని నాగేశ్వరరావు గారివే, పత్రికను పోషించింది ఆ డబ్బాలే కాబట్టి ఉండాల్సిందే. అప్పుల సంగతి మాత్రం నా కంటపడలేదు. పత్రికల వాళ్ల తప్పని అనను. షావుకారు పద్దు పుస్తకాల్లో ఉండే సంగతి విలేకరికి ఎలా దొరుకుతుంది?

మా చిన్నప్పుడు బాపట్ల తాలూకా, గుంటూరు జిల్లా అని చెప్పుకునేవాళ్లం. 1970లో ఒంగోలు జిల్లాలో కలిపారు, అదే తర్వాత ప్రకాశం అయింది. 2022 నుంచి బాపట్ల జిల్లా. ఊరు కదలకుండానే మూడు జిల్లాలు మారాం. ఆ లెక్కన పాత కాగితం ఏ ఆఫీసులో ఉందో వెతకాలంటేనే టెన్షన్. ఇళ్లల్లో ఉన్నవి వెతకడం నయం.

అందుకని పేరాల, జాండ్రపేట వైపు నుంచి వచ్చి మనతో చదివినవాళ్లకి ఒక మాట. మీ అటక మీద నూలు పద్దులు, అప్పు పత్రాలు, సొసైటీ పాస్ పుస్తకాలు ఉంటే పాత పేపర్లవాడికి వేసేయకండి. ఫోన్లో ఫొటో తీసి మన బ్యాచ్ గ్రూపులో పెట్టండి, చదివి పెట్టే పని నాది. తొంభై దాటిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల అమ్మానాన్నలు రామ్‌నగర్ గురించి ఏం చెప్పేవారో అడిగి రికార్డు చేయండి. సభలూ ఉపన్యాసాలూ ఇప్పటికే అచ్చులో ఉన్నాయి. పొయ్యి మీద ఏం వండారో, ఎవరి దగ్గర అరువు తెచ్చారో అడగండి.