బొమ్మ ఉంది, శబ్దం లేదు

ఆదివారం, బెంగళూరు మారతహళ్లి.

ఇంటికి రంగులు వేయించాక వచ్చే మొదటి ఆదివారం ఎప్పుడూ ఇదే తంతు. మంచాలు, బీరువాలు వాటి చోటికి అవి చేరిపోతాయి, హోమ్ థియేటర్ మాత్రం అలుగుతుంది. టీవీ వెనక వైర్లన్నీ పీకి ఒకే కవర్లో కుక్కి పెట్టారు. పీకే ముందు ఫోన్‌తో ఒక్క ఫొటో తీసి ఉంటే సగం పని తప్పేది.

సెట్టు మామూలుదే. శబ్దాన్ని స్పీకర్లకు పంచే 5.1 రిసీవర్, ముందు మూడు స్పీకర్లు, సోఫా వెనక రెండు, మూలన బేస్ కోసం సబ్‌వూఫర్. సెట్‌టాప్ బాక్సు రిసీవర్‌కి, అక్కణ్ణుంచి ఒకే హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీకి. టీవీలోని యాప్‌ల శబ్దం అదే కేబుల్లో వెనక్కి రావాలి. ఆర్క్ అంటే అదే. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది.

సెట్‌టాప్ బాక్సు పెడితే అన్ని స్పీకర్లూ పలుకుతున్నాయి. యాప్‌లో సినిమా పెడితే బొమ్మ నిక్షేపంగా ఉంది, శబ్దం సున్నా. టీవీ రిమోట్‌తో మాత్రం రిసీవర్ వాల్యూమ్ పెరుగుతోంది, తగ్గుతోంది.

ఈ మూడూ కలిపి చూస్తే వెతకాల్సిన చోటు బాగా చిన్నదైపోతుంది. బాక్సు శబ్దం వస్తోంది కాబట్టి రిసీవర్, స్పీకర్లు బాగున్నాయి. రిమోట్ మాట వింటోంది కాబట్టి సీఈసీ, అంటే ఒక పెట్టె రిమోట్‌తో ఇంకో పెట్టెని నడిపించే ఏర్పాటు, నడుస్తోంది. దీన్నే సామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది, సోనీ బ్రావియా సింక్ అంటుంది. పేర్లు వేరు, సరుకు ఒకటే. ఇక మిగిలింది వెనక్కి వచ్చే దారి.

ముందు సాకెట్ చూడాలి. టీవీకి నాలుగు హెచ్‌డీఎంఐలు ఉన్నా ఆర్క్ అని రాసి ఉండేది సాధారణంగా ఒక్కదానికే. రిసీవర్ వైపు కూడా అవుట్ అన్న చోటే పెట్టాలి, ఇన్‌లో కాదు. రెండు అవుట్‌లు ఉన్న రిసీవర్లలో చాలావాటికి మొదటి దాంట్లోనే ఆర్క్. ఆ తర్వాత టీవీ సౌండ్ మెనూలో అవుట్‌పుట్ రిసీవర్‌కి మార్చాలి, రిసీవర్ మెనూలో ఆర్క్ ఆన్ ఉందో లేదో చూడాలి. ఇక్కడ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూడు పెట్టెల ప్లగ్గులూ గోడ నుంచి తీసి, ఐదు నిమిషాలాగి, ముందు టీవీ, తర్వాత రిసీవర్, చివర బాక్సు ఆన్ చేసినా ఫలితం లేదు. స్టాండ్‌బైలో పెట్టడం దీనికి చాలదు, ప్లగ్గు తీయాల్సిందే.

దోషి కేబులే. తగిలించింది అసలుది కాదు, అటకమీది పాతది. హెచ్‌డీఎంఐలో 19 పిన్నులుంటాయి. బొమ్మ వెళ్లేవి వేరు, సీఈసీ వెళ్లేది 13వది, ఆర్క్ శబ్దం వచ్చేది 14వది. ఆర్క్ రాకముందు ఆ 14వ పిన్నుకి పనే లేదు, అందుకే కొన్ని పాత చవక కేబుళ్లలో దానికి లోపల తీగే ఉండదు. అలాంటి కేబుల్లో 1080 బొమ్మ అద్దంలా వస్తుంది, రిమోట్ పనిచేస్తుంది, శబ్దం మాత్రం రాదు. ఆర్క్ కొత్త రూపమైన ఈ-ఆర్క్‌కైతే 14తో పాటు 19వ పిన్నూ కావాలి. కొత్త కేబుల్ తగిలించగానే రిసీవర్ డిస్‌ప్లే మీద టీవీ ఆడియో అని వెలిగింది. గోడలోంచి పది మీటర్ల ఫైబర్ హెచ్‌డీఎంఐ లాగించుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి: వాటికి సోర్స్ కొస, డిస్‌ప్లే కొస అని వేరువేరుగా ఉంటాయి, పైగా కొన్నింట్లో ఆర్క్ రాదు. కొనేముందే పెట్టె మీద చదవాలి, గోడ పగలగొట్టాక కాదు.

శబ్దం వచ్చింది గానీ వెనక స్పీకర్లు మూగగా ఉన్నాయి. టీవీలో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎం మీద ఉంది, అంటే శబ్దాన్ని టీవీయే విప్పి పంపుతోంది. మామూలు ఆర్క్‌లో పీసీఎం అంటే రెండు ఛానెళ్లే. ఆటోకో, వచ్చింది వచ్చినట్టే పంపే పాస్‌త్రూకో మార్చగానే డిస్‌ప్లే మీద డాల్బీ డిజిటల్ ప్లస్ అని పడింది, వెనకవి నోరు తెరిచాయి. చెవుల కంటే ముందు ఆ డిస్‌ప్లేని నమ్మాలి. ఆప్టికల్ కేబుల్ వాడేవాళ్లకి డిజిటల్ ప్లస్ అసలు వెళ్లదు, టీవీ దాన్ని మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపాలి. ఇక స్టీరియోలో వచ్చే ఛానెల్ పెట్టుకుని వెనక స్పీకర్లు పాడైపోయాయి అనుకుంటే అది వాటి తప్పు కాదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పాటలు పెడితే ఇంకో తేడా బయటపడింది. రిసీవర్‌ని స్టీరియోలో పెట్టి వింటే గొంతు మధ్యలో నిలబడటం లేదు, గదంతా తేలుతోంది. బేస్ పలచన. ముందున్న ఎడమ, కుడి స్పీకర్లలో ఒకదానికి వైరు ప్లస్ మైనస్ తారుమారైనప్పుడు అచ్చంగా ఇలాగే ఉంటుంది. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, అడుగు స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. 5.1లో డైలాగులు సెంటర్ స్పీకర్‌లోంచి వస్తాయి కాబట్టి సినిమా చూస్తున్నంతసేపూ ఈ లోపం దాక్కుంటుంది.

ఇది తేల్చుకోవాలంటే రిసీవర్ ఆపి, స్పీకర్ వైరును దాని నుంచి విప్పి, ఆ కొసలకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు ఒక్క క్షణం తాకించాలి. సెల్లు ప్లస్సు స్పీకర్ ప్లస్సుకి తగిలితే కోన్, అంటే స్పీకర్‌లో కదిలే గరాటు, బయటికి తుళ్లుతుంది. ఎడమది బయటికి వచ్చింది, కుడిది లోపలికి పోయింది. వైరు మీద ఎర్ర గీత ఉంది గానీ పైన తెల్ల రంగు చుక్కలు పడి కనపడటం లేదు.

మళ్లీ బిగించేటప్పుడు తొక్క 10 నుంచి 12 మిల్లీమీటర్లు తీస్తే చాలు. పురులన్నీ బిగువుగా మెలేయాలి. ఒక్క పురి తప్పించుకుని పక్క టెర్మినల్‌కి తగిలిందంటే రిసీవర్ వాల్యూమ్ పెంచగానే ప్రొటెక్ట్ అని చూపించి ఆరిపోతుంది. యాంప్ కాలిపోయిందని కంగారుపడి సర్వీసుకి మోసుకెళ్లేవాళ్లలో కొందరికి ఉన్న జబ్బు ఆ వెంట్రుకంత పురే.

సబ్‌వూఫర్ గోల వేరు. ఏదీ ఆడకపోయినా సన్నగా హుమ్మంటోంది. రిసీవర్ నుంచి దానికి వచ్చే ఆర్‌సీఏ కేబుల్‌ని సబ్ దగ్గర పీకగానే ఆగింది, అంటే సబ్ లోపలి యాంప్ బాగానే ఉంది, రొద కేబుల్ వెంట వస్తోంది. మళ్లీ తగిలించి, ఈసారి సెట్‌టాప్ బాక్సు వెనక డిష్ కేబుల్ తిప్పి తీశాం. హుమ్ టక్కున ఆగిపోయింది. మేడమీద డిష్ ఎర్త్ ఒకటి, హాల్లో ప్లగ్గు ఎర్త్ ఇంకొకటి, రెంటి మధ్యా ఉండే చిన్న వోల్టేజి తేడా ఈ 50 హెర్ట్జ్ రొదకి మూలం. సబ్ ప్లగ్గు అవతలి గోడకు ఉండటంతో లూప్ ఇంకా పెద్దదైంది. రిసీవర్, సబ్, బాక్సు మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చితే చాలావరకు తగ్గింది. మూడో పిన్ను విరగ్గొడితే హుమ్ పోతుందని చెప్పేవాళ్లున్నారు. పోతుంది, దాంతో పాటు షాక్ నుంచి కాపాడేదీ పోతుంది. ఆ పని చెయ్యొద్దు. ఇలాంటి ఎర్త్ లూప్‌ని తెంపే మామూలు కేబుల్ టీవీ ఐసొలేటర్ కొని డిష్ లైన్లో పెడితే ఛానెళ్లే రావు, ఎందుకంటే డిష్ మీద సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీకి బాక్సు నుంచి 13 లేదా 18 వోల్టులు అదే తీగలో వెళ్తాయి. కావాలంటే ఐసొలేటర్‌ని సబ్ ఆర్‌సీఏ లైన్లో పెట్టుకోవచ్చు, కాకపోతే చవకవాటిలో మరీ కింది బేస్ కొంత తగ్గుతుంది.

సాయంత్రం అమ్మమ్మ ఫిర్యాదు: "మాటలేమో వినపడవు, పాట రాగానే ఇల్లు అదురుతుంది. ఏం పెట్టెరా ఇది!" సెంటర్ లెవెల్ 3 డెసిబెల్స్ పెంచి, పెద్ద శబ్దాలు తగ్గించే నైట్ మోడ్ ఆన్ చేసి, 80 హెర్ట్జ్ కింది బేస్ సబ్‌కి పోయేలా స్పీకర్లన్నీ స్మాల్ అని, క్రాస్‌ఓవర్ 80 హెర్ట్జ్ అని పెట్టాక ఆవిడ రిమోట్ పక్కన పెట్టారు.

మిగిలింది వెనక కుడి స్పీకర్ వైరు. మధ్యలో టేపు చుట్టిన అతుకు ఉంది, వైరు కూడా సెట్టుతో వచ్చిన దారప్పోగు. పది మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే పోను రాను కలిపి నిరోధం 0.27 ఓమ్‌ల దగ్గర ఉంటుంది, 6 ఓమ్‌ల స్పీకర్‌కి పర్వాలేదు. 0.75 అయితే అది రెట్టింపు. రేపు ఎస్పీ రోడ్డులో 12 మీటర్లు తేవాలి. కోయించే ముందు కొసన పురిని బ్లేడుతో గీకి చూడాలి, లోపల తెల్లగా కనపడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం.