ఎర్ర పెన్ను పిల్లల చేతికిచ్చాను

మా తొమ్మిదో తరగతి వాళ్లకి అల్లూరి సీతారామరాజు మీద ప్రాజెక్టు ఇస్తే సగం మంది ఏఐతో రాయించుకొచ్చారు. చూడగానే తెలిసిపోతుంది లెండి, నాలుగు లైన్ల జవాబుకే నసిగేవాడు ఒక్క కొట్టివేత లేకుండా నాలుగు పేజీలు తెస్తే అనుమానం రాదా! ఏఐ రాతను పట్టుకునే సాఫ్ట్‌వేర్లో వేసి చూడమన్నారు తోటి టీచర్ ఒకాయన. నాకు వాటి మీద నమ్మకం లేదు, చాట్‌జీపీటీని తెచ్చిన ఓపెన్‌ఏఐ వాళ్లే అలాంటిదొకటి తెచ్చి, సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023లో తీసేశారు.

అందుకే తిట్టకుండా, ఎర్ర పెన్నులు వాళ్లకే ఇచ్చి, లైబ్రరీ పుస్తకం పక్కన పెట్టుకుని ఎవరి పేపర్ వాళ్లే దిద్దుకోమన్నాను. చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది 1922 ఆగస్టు 22న, ఒకడి పేపర్లో మాత్రం 1924 అని ఉంది, అది రాజు చనిపోయిన ఏడాది! ఇంకో అమ్మాయి పేపర్లో ఆ మర్నాడే దాడి జరిగిన కృష్ణదేవిపేట స్టేషన్ ఊసే లేదు. మామూలు పాఠానికి ఇంత హుషారు నేనెప్పుడూ చూడలేదు.

నా టెన్షన్ అసలు పిల్లల గురించి కాదు, మన గురించే. పేర్లు, ఆధార్ నంబర్లతో సహా మార్కుల లిస్టు ఏఐలో పడేసి రిపోర్టు చేయించుకునే టీచర్లున్నారు. 18 ఏళ్లు నిండనివాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. కనీసం ఆ పేర్లూ నంబర్లూ తీసేసి వేయడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో ఈ విషయం ఎత్తుతా. పిల్లల ఫొటోలు కనబడ్డ యాప్‌లోనల్లా వేసి బొమ్మలు చేయించే అమ్మానాన్నలూ, మీరు కూడా తీరిక చేసుకుని రండి.