జీఈడీ సోషల్: 141 నుంచి 157 దాకా

నిన్న మధ్యాహ్నం జీఈడీ (అమెరికాలో హైస్కూల్ చదువుకి సమానమైన పరీక్ష) సోషల్ స్టడీస్ రిజల్ట్ వచ్చింది. 157. పాస్ మార్కు 145. మిగతా మూడు సబ్జెక్టులూ ముందే అయిపోయాయి. పదో తరగతితో పెళ్ళయి ఆగిపోయిన నా చదువుకి 22 ఏళ్ళ తర్వాత సర్టిఫికెట్ వస్తోంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. సోషల్ దగ్గరే ఇరుక్కున్న తెలుగువాళ్ళు నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు, వాళ్ళ కోసం పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను.

మ్యాథ్స్, సైన్స్ ఎలాగో గట్టెక్కాయి. లాంగ్వేజ్ ఆర్ట్స్‌కి రోజుకో పేజీ వ్యాసం రాశాను. నన్ను ఏడిపించింది సోషలే.

మార్చిలో మొదటిసారి రాస్తే 141 వచ్చింది. నాలుగంటే నాలుగు మార్కులు. పిల్లల్ని స్కూల్ నుంచి తెచ్చుకోవడానికి వెళ్ళి, కార్ల లైన్లో ఉండగా ఫోన్‌లో చూసుకున్నాను. వెనకాల కారు హారన్ కొట్టేదాకా కదల్లేదు. "ఇంగ్లీష్ పాసేజీలు కదా, కష్టమేలే" అని మావారు ఓదార్చారు. అందరూ అదే అన్నారు. కానీ అది కారణం కాదు. పాసేజీలో ప్రతి మాటా నాకు అర్థమైంది. ఇంగ్లీష్ రాక ఫెయిలయ్యానంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.

అసలు తప్పు ఏంటంటే, పుస్తకంలో ఉన్నది వాషింగ్టన్, నా బుర్రలో ఉన్నది ఢిల్లీ. మన దగ్గర ఆర్థిక మంత్రి ఫిబ్రవరి 1న బడ్జెట్ పెడతారు. లోక్‌సభలో మెజారిటీ వాళ్ళదే కాబట్టి అది పాసవుతుంది. పాసవకపోతే ప్రభుత్వమే పడిపోతుంది. నేను ప్రెసిడెంట్‌ని ప్రధానమంత్రిలా, ట్రెజరీ సెక్రటరీని ఆర్థిక మంత్రిలా అనుకుని చదివేశాను. పన్నులు, ఖర్చులు, వడ్డీ రేట్లు, ఏది అడిగినా నా చెయ్యి ప్రెసిడెంట్ మీదికే పోయేది. సివిక్స్ సగం పేపర్, ఎకనామిక్స్ ఇంకో 15 శాతం. ఈ ఒక్క తప్పు రెండు చోట్లా దెబ్బ కొట్టింది.

మే నెలలో లైబ్రరీలో అమెరికా రాజ్యాంగం మొదటి ఆర్టికల్, తొమ్మిదో సెక్షన్ చదువుతుంటే ఒక వాక్యం కనిపించింది. చట్టం చేసి కేటాయిస్తే తప్ప ఖజానా నుంచి డబ్బు తియ్యకూడదు అని. చదవగానే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో బీరువా తాళాలు ఆవిడ బొడ్లోనే ఉండేవి. తాతయ్య ఊళ్ళో పెద్దమనిషి. ఎద్దులు కొనాలన్నా, అరెకరం బేరం చెయ్యాలన్నా మాట ఆయనదే. కానీ నాయనమ్మ తాళం తీస్తేనే డబ్బు బయటికొచ్చేది. ప్రెసిడెంట్ పంపే బడ్జెట్ తాతయ్య మాట లాంటిది. తాళం కాంగ్రెస్ దగ్గర, అంటే అక్కడి పార్లమెంటు దగ్గర ఉంది.

ఆ రోజు నుంచి చిక్కులన్నీ విడిపోయాయి. ఎద్దులకని ఇచ్చిన డబ్బు తాతయ్య ఖర్చు పెట్టకుండా దాచుకుంటే నాయనమ్మ ఊరుకునేది కాదు. ప్రెసిడెంట్ నిక్సన్ అలా నిధులు ఆపేస్తేనే కదా, దాన్ని అడ్డుకోవడానికి కాంగ్రెస్ 1974లో ఇంపౌండ్‌మెంట్ చట్టం చేసింది. బిల్లులో నచ్చని ఖర్చుని మాత్రం కొట్టేసే అధికారం ప్రెసిడెంట్‌కి 1996లో చట్టం చేసి ఇస్తే, 1998లో సుప్రీంకోర్టు చెల్లదంది. వీటో చేస్తే బిల్లు మొత్తం చెయ్యాల్సిందే. కాంగ్రెస్ నిధులు పాస్ కాకపోతే ప్రభుత్వ ఆఫీసులు మూతపడతాయి, దాన్నే షట్‌డౌన్ అంటారు. 2018 డిసెంబర్‌లో మొదలైనది 35 రోజులు నడిచింది. ఎయిర్‌పోర్ట్ చెకింగ్ వాళ్ళు జీతాల్లేకుండా పనిచేశారు. అప్పుడు టీవీలో చూసి, ప్రెసిడెంట్ ఉండగా ఇదేంటి అనుకున్నాను.

ప్రెసిడెంట్ ట్రూమన్ స్టీల్ కేసు మాత్రం అందరూ చదవండి. 1952, కొరియా యుద్ధం నడుస్తోంది. స్టీల్ కార్మికులు సమ్మెకి దిగబోతున్నారు. యుద్ధానికి ఉక్కు కావాలి కాబట్టి మిల్లుల్ని స్వాధీనం చేసుకోమని ట్రూమన్ ఆర్డర్ ఇచ్చారు. సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. కాంగ్రెస్ ఇవ్వని అధికారాన్ని ప్రెసిడెంట్ తనంతట తాను తీసుకోలేరంది. కమాండర్ ఇన్ చీఫ్ అంటే సైన్యానికి. దేశంలోని ఫ్యాక్టరీలకి కాదు. ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (ప్రెసిడెంట్ సొంతంగా ఇచ్చే ఉత్తర్వు) హద్దు ఎక్కడో నాకు తెలిసింది ఈ కేసుతోనే.

ఫెడరల్ రిజర్వ్‌కి (మన ఆర్‌బీఐ లాంటి కేంద్ర బ్యాంకు) మాత్రం మా ఇంట్లో పోలిక దొరకలేదు. 1913లో కాంగ్రెసే పెట్టింది. ఏడుగురు గవర్నర్లని ప్రెసిడెంట్ నామినేట్ చేస్తారు, సెనేట్ ఒప్పుకోవాలి, పదవీకాలం 14 ఏళ్ళు. వడ్డీ రేటు తేల్చేది వాళ్ళ కమిటీ. పన్ను, ఖర్చు అయితే ఫిస్కల్ పాలసీ, వడ్డీ అయితే మానిటరీ పాలసీ. 1979లో పాల్ వోల్కర్‌ని ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ చేసింది ప్రెసిడెంట్ కార్టర్. మరుసటి ఏడాదే కార్టర్‌కి ఎన్నికలు. అయినా ధరలు దించడానికి వోల్కర్ వడ్డీలు పెంచారు, కార్టర్ ఓడిపోయారు. స్వతంత్ర సంస్థ అనే మాట పుస్తకంలో పదిసార్లు చదివినా ఎక్కలేదు, ఈ కథతో ఎక్కింది.

రోజూ నాలుగున్నరకి లేచాను. పిల్లల లంచ్ బాక్సులు కట్టేలోపు రెండు గంటలు నావి. ఫోన్ పక్క గదిలో పెట్టేదాన్ని. టైం లేదనేవాళ్ళు వారం రోజులు అలా చేసి చూడండి. "ఈ వయసులో ఎందుకు" అని నన్నూ అడిగారు. నా పేరు మీద నాకో కాగితం కావాలనిపించింది, దానికి వయసేంటి?

జీఈడీ రెడీ ప్రాక్టీస్ టెస్టులో మార్చికి ముందు నాకు పసుపు (పాసవుతామో లేదో చెప్పలేం అని) వచ్చింది, తొందరపడి వెళ్ళాను. ఈసారి గ్రీన్ (పాసయ్యే అవకాశం ఎక్కువ అని) వచ్చాకే స్లాట్ బుక్ చేశాను. ఫెయిలైతే చాలా రాష్ట్రాల్లో మూడో ప్రయత్నం దాకా ఆగక్కర్లేదు, మూడూ పోతే మాత్రం 60 రోజులు ఆగాలి. ఎక్కడ తప్పు జరిగిందో స్కోర్ రిపోర్ట్‌లో చూసుకుని, ఆ చాప్టర్ దగ్గర మళ్ళీ కూర్చోండి.