నెల సరుకుల బిల్లు ఎందుకు పెరుగుతోందో తేల్చుకున్న కథ

రేట్లు మండిపోతున్నాయి అని అందరం అంటాం గానీ ఏది ఎంత పెరిగింది అంటే మాత్రం ఒక్కరం చెప్పలేం. మా ఇంట్లోనూ అదే గోల, ఆయనేమో నువ్వే ఎక్కువ తెస్తున్నావ్ అంటారు, నేనేమో తెచ్చేవి అవే, రేట్లే పెరిగాయి అంటా, ఇద్దరి దగ్గరా లెక్క లేదు. ఇలా కాదని పాత బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నా. సగం బిల్లుల మీద అక్షరాలే లేవు, ఆ థర్మల్ పేపర్ మీద ప్రింటు కొన్నాళ్ళకి వెలిసిపోతుంది కదా. అందుకే ఇప్పుడు బిల్లు చేతికి రాగానే ఫోటో తీసేస్తున్నా.

మొత్తం బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు, ఒక నెల చుట్టాలొస్తారు, ఇంకో నెల ఊళ్ళోనే ఉండం. అందుకని ప్రతి నెలా తప్పకుండా కొనేవి మాత్రమే నోట్‌బుక్‌లో రాసి, ఒక్కోదానికీ కిలోకి ఎంత, లీటర్‌కి ఎంత పడిందో లెక్కేశా. అసలు కిటుకు ఇక్కడే బయటపడింది. కొన్నిటికి రేటు పైసా కూడా పెరగలేదు, బరువు తగ్గింది! పాత డబ్బా ఒకటి ఇంట్లో ఉంటే కొత్తదాని పక్కన పెట్టి చూశా, అదే ఎత్తు, అదే రంగు, అదే బొమ్మ, కానీ అడుగు లోపలికి నొక్కేసి ఉంది, గ్రాములు మాత్రం వెనకాల చీమల్లాంటి అక్షరాల్లో. 500 గ్రాములది 450 చేసి అదే రేటుకి అమ్మితే 10 శాతమే కదా తగ్గింది అనిపిస్తుంది, కిలో లెక్కన చూస్తే 11 శాతం పైనే పెంచినట్టు. దీన్ని ష్రింక్‌ఫ్లేషన్ అంటారు. ఫ్రాన్స్‌లో అయితే 2024 జులై నుంచి పెద్ద షాపులు ఇలా బరువు తగ్గించిన సరుకుల దగ్గర ఆ సంగతి బోర్డు పెట్టి చెప్పాల్సిందే అని రూల్ తెచ్చారు.

పెద్ద ప్యాకెట్ చవక అన్నది కూడా అన్నిసార్లూ నిజం కాదు, ఆఫర్ స్టిక్కర్ ఉన్నా సరే ఫోన్‌లో ఒకసారి భాగించి చూడాలి.

ఇంకోటి, ద్రవ్యోల్బణం తగ్గింది అని వార్తల్లో వస్తే రేట్లు దిగుతాయని మా పక్కింటావిడ చాలా ఆశపడింది. అలా కాదండీ, పోయినేడు 100 ఉన్నది 110 అయ్యి, ఈ ఏడు పెరుగుదల 3 శాతమే అన్నా అది 113 దాటుతుంది, పెరిగే స్పీడు తగ్గింది అంతే, రేటు కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్కకట్టే ప్రపంచ ఆహార ధరల సూచీ 2022 మార్చిలో రికార్డుకెక్కి ఆ తర్వాత చాలానే దిగింది, మరి షాపులో ఆ మేరకు ఎందుకు దిగలేదంటే మనం కట్టే దాంట్లో రవాణా, కరెంటు, జీతాలు, అద్దె, ప్యాకింగు అన్నీ కలిసే ఉంటాయి, అవి అంత తేలిగ్గా దిగవు.

సంపాదన తక్కువైన కొద్దీ అందులో తిండికయ్యే వాటా పెరుగుతుందని ఎంగెల్ అనే ఆయన 1857లోనే లెక్కలతో చూపించాడు. ఏ రోజు డబ్బులతో ఆ రోజు కొనుక్కునేవాళ్ళు చిన్న ప్యాకెట్లే తీసుకోగలరు, చాలా సరుకుల్లో గ్రాముకి ఎక్కువ పడేదేమో వాళ్ళకే. ఇది నాకు అస్సలు నచ్చని విషయం.

ఇంతకీ మా తగువు ఏమైందంటే, రోజూ వాడేవాటిలో నాదే నిజం, చిరుతిళ్ళ దగ్గర మాత్రం ఆయన అన్నదే కరెక్ట్, అవి బాగానే ఎక్కువ తెస్తున్నాం (తినేది ఎవరో నేను చెప్పను). సబ్బులు, క్లీనింగ్ సామాన్లకి షాపు సొంత బ్రాండ్‌కి మారాం, పెద్ద తేడా ఏం తెలీలేదు. నూనె మారిస్తే ఇంట్లో ఎవరికీ నచ్చక మళ్ళీ పాతదే తెచ్చా. కూరగాయల్ని మాత్రం ఆ నోట్‌బుక్‌లో పెట్టలేదు, సీజన్‌ని బట్టి వారానికో రేటు, వాటితో మనం లెక్కలు పడలేం.